రెండోసారి పల్లవి

(విజయవాడలో సంగీతాభిమానుల సమావేశంలో ఒక వయొలిన్ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాము. తడబాట్లను మాత్రమే తీసివేశాము.)

సభకు నమస్కారం. పెద్దలకు, నా విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ రోజు మాట్లాడమని నాకిచ్చిన ప్రశ్న ఒక్క వాక్యమే. ఇప్పుడు వస్తున్న సినిమా పాట ఎటు పోతుందో వినేవాడికి ముందే తెలిసిపోతోందా? ఈ ప్రశ్న వినగానే నేను మా ఇంట్లో ఒక పని చేశాను. దానితోనే మొదలుపెడతాను.

ఆదివారం క్లాసుకు నా దగ్గరకు నలుగురు పిల్లలు వస్తారు. ఆ వారమే విడుదలైన ఒక పాటను ఫోన్‌లో పెట్టాను. అంతకుముందు వాళ్ళెవరూ ఆ పాట వినలేదు. పల్లవిలో సగం కాగానే ఆపేసి, "మిగతా సగం మీరు వాయించండి" అన్నాను. నలుగురిలో ముగ్గురు దాదాపు అదే వాయించారు. మళ్ళీ పాట పెట్టి చూస్తే స్వరం స్వరం కలిసింది. పిల్లలు సంబరపడ్డారు. వారిలో ఒక అమ్మాయి మాత్రం కాసేపు ఆలోచించి, "మాస్టారూ, అంటే మేము బాగా నేర్చుకున్నట్టా, పాట బాగా లేనట్టా?" అని అడిగింది.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఇంకో పాట పెట్టాను. అది అరవై ఏళ్ళ నాటి పాట, మీరందరూ గొప్పదని ఒప్పుకునే పాట, ఈ పిల్లలు వినని పాట. దాన్నీ సగంలో ఆపాను. ఏమయిందనుకుంటున్నారు? దాన్ని కూడా ముగ్గురు పూర్తి చేశారు. అవునండీ, పూర్తి చేశారు. అంటే ముందే తెలిసిపోవడం కొత్త పాటకే పట్టిన జబ్బు కాదు, ఆ పాత పాట కూడా ముందే తెలిసింది. మరి తేడా ఎక్కడ ఉంది? తేడా ఆ రోజే బయటపడింది, కానీ పల్లవి దగ్గర కాదు. ఎక్కడ బయటపడిందో కాసేపాగి చెబుతాను, ఎందుకంటే దానికి ముందు మనం ఒక విషయంలో ఒక మాటకు రావాలి.

పాట చెడిపోయిందనే ఫిర్యాదు కొత్తది కాదు. 1941లో థియోడర్ అడోర్నో అనే జర్మన్ తత్త్వవేత్త అమెరికాలో కూర్చుని, అక్కడి జనాదరణ పొందిన పాటలన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయని, ముప్పై రెండు బార్ల (తాళంలో ఆవర్తనం లాంటి కొలత) లెక్కలో ఏ పాట ముక్కనైనా తీసి ఇంకో పాటలో పెట్టవచ్చని వాదించాడు. ఇంచుమించు అదే రోజుల్లో మన దేశంలో ఏం జరిగింది? 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది. ఆ పెట్టెలో పన్నెండు స్వరాలు బిగించి ఉంటాయి, రెండు మెట్ల మధ్య ఉన్న నాదం అందులో పలకదు, మన సంగీతంలోని గమకాన్ని, అంటే స్వరాన్ని ఊపుతూ పలికే తీరును, అది చంపేస్తుంది అన్నారు. ఆ నిషేధం 1971 దాకా సడలలేదు. ఆ భయంలో నిజం లేదని నేను అనను, నిజం ఉంది. కానీ అదే ముప్పై ఏళ్ళలో, అదే హార్మోనియం మీద, ఈ కృష్ణా గుంటూరు జిల్లాల్లో పద్యనాటకం ఎంతగా వెలిగిందో మీలో పెద్దవారు చూశారు. కాబట్టి యంత్రం వచ్చింది, పాట పోయింది అని ఒక్క మాటలో తేల్చేయడం న్యాయం కాదు.

పద్యనాటకం దగ్గర కొంచెంసేపు నిలబడదాము. మా ఊరు తెనాలి దగ్గర. తిరునాళ్ళకు రాత్రంతా నాటకం ఉండేది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగం, విజయాలు. పడక సీను ఒక కృష్ణుడు, రాయబారం ఇంకో కృష్ణుడు. ఒకే వేషానికి ఒకే రాత్రి ఇద్దరు, ముగ్గురు నటులు ఎందుకో ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు. జనం ఒకరితో ఒకరిని పోల్చి చూసుకోవడానికి! కథ అందరికీ తెలుసు. పద్యాలు అందరికీ నోటికి వచ్చు. పొలం పనికి పోయే రైతు, బండి తోలే మనిషి, బడికి పోని ముసలమ్మ, ఎవరైనా సరే నటుడి కంటే ముందే పద్యం అందుకునేవారు. యతి ఎక్కడ పడుతుందో తెలుసు, ప్రాస ఏమిటో తెలుసు, నాలుగో పాదం ఎక్కడ ముగుస్తుందో తెలుసు. ఇంతకంటే ముందే తెలిసిన సంగీతం ఇంకేముంటుంది చెప్పండి? అయినా జనం మంచులో, చాపల మీద, తెల్లవార్లూ కూర్చునేవారు. దేనికోసం?

నాలుగో పాదం ముగిసిన తరువాత ఏం జరుగుతుందో దానికోసం. అక్కడ నటుడు రాగం అందుకుంటాడు. ఆ రాగం ఎంతసేపు సాగుతుందో, ఎక్కడ పైకి పోతుందో, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుని మళ్ళీ లేస్తుందో, హార్మోనిస్టుకు కూడా తెలియదు. ఈలపాట రఘురామయ్య గారి రాగం వేరు, పీసపాటి నరసింహమూర్తి గారి రాగం వేరు, షణ్ముఖి ఆంజనేయరాజు గారి రాగం వేరు. ఆ మాటకొస్తే ఒకే మనిషి రాగం నిన్న రాత్రి వేరు, ఈ రాత్రి వేరు. "వన్స్ మోర్" అని ఎందుకు అరిచేవారు? అదే మళ్ళీ వినాలని కాదండీ. ఇంకోసారి పాడితే ఇంకోలా వస్తుందని. ఈ మాటను దయచేసి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ అడిగింది అదే పాట కోసం, కానీ అదే పాడటం కోసం కాదు.

బుర్రకథ కూడా అంతే. మన గుంటూరు జిల్లా పొన్నెకల్లు నుంచి వచ్చిన షేక్ నాజర్ గారి బుర్రకథలో వంతల, అంటే కథకుడికి పక్కన వంత పాడేవారి, "తందాన తాన" కథ పొడవునా మారదు. ఆ మారని గోడకు ఆనుకునే కథకుడు తన ఇష్టం వచ్చినట్టు ఎగురుతాడు. కాబట్టి నా మొదటి మాట ఇది. ముందే తెలియడం పాటకు శత్రువు కాదు. తెలిసిన దారి లేకపోతే వినేవాడికి పాట అందదు. 2011లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, ఇష్టమైన సంగీతం వింటున్నవారి మెదడును పరీక్షించి, పాటలోని అసలు ఘట్టం రాకముందే, అది వస్తోందన్న ఎదురుచూపులోనే మెదడులో ఆనందానికి సంబంధించిన డోపమైన్ అనే రసాయనం విడుదలవుతోందని గమనించారు. మనవాళ్ళు ఆ యంత్రాలు లేకుండానే తాళం ఒక చుట్టు తిరిగి మళ్ళీ మొదలయ్యే చోటును 'సమం' అని పెట్టుకున్నారు. మృదంగం ముక్తాయింపు వేస్తున్నంతసేపూ మీ చెయ్యి సమం కోసం ఎదురుచూస్తుంది, అది పడగానే తల ఊగుతుంది. తెలియని చోటు కోసం ఎవరూ ఎదురుచూడలేరు.

ఇప్పుడు ఆదివారం క్లాసుకు వెనక్కు వెళదాము. రెండు పాటల పల్లవులూ పిల్లలు పట్టుకున్నారు కదా. తరువాత రెండు పాటలనూ పూర్తిగా పెట్టి, "చరణం అయ్యాక పల్లవి మళ్ళీ వస్తుంది, అప్పుడు పాటతో కలిసి వాయించండి" అన్నాను. కొత్త పాటలో పల్లవి మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ పిల్లల వయొలిన్లు పాటతో ఒక్కటిగా కలిశాయి. పాత పాటలో పల్లవి మొదటిసారి తిరిగి రాగానే నలుగురూ తడబడ్డారు. ఎందుకంటే గాయకుడు మొదటి మాటను కొంచెం ఆలస్యంగా అందుకున్నాడు, రెండో మాట మీద చిన్న విరుపు వేశాడు, చివరి అక్షరాన్ని కిందికి దించకుండా పైనే నిలిపాడు. రెండోసారి తిరిగి వచ్చినప్పుడు ఇంకోలా పాడాడు. నన్ను ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి వయొలిన్ దించి, "ఈయన ప్రతిసారీ మారుస్తున్నాడు మాస్టారూ" అంది. ఫిర్యాదుగా అంది. నాకు మాత్రం వెతుకుతున్న వస్తువు చేతికి దొరికినట్టయింది.

తేడా అక్కడ ఉంది. పల్లవిలో కాదు, రెండోసారి పల్లవిలో ఉంది.

త్యాగరాజస్వామి మనకు ఇచ్చిన గొప్ప సంపదల్లో ఒకటి సంగతి. ఒకే మాటను, ఒకే తాళంలో, ఒక్కొక్కసారికి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పాడటం. 'చక్కని రాజమార్గము' కీర్తన నేర్చుకున్నవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆ పల్లవిలో మొదటి సంగతి ఎంత సాదాగా ఉంటుందో, చివరి సంగతికి వచ్చేసరికి ఖరహరప్రియ రాగం ఎంత విచ్చుకుంటుందో మీకు తెలుసు. మాట అదే, అర్థం మాత్రం ప్రతిసారీ ఇంకొంచెం లోతుకు దిగుతుంది. మన భాషలో సంగతి అంటే విశేషం అని కూడా అర్థం. ఎవరైనా ఎదురుపడితే "ఏమిటి సంగతులు?" అంటాము. నిన్నటికీ ఈ రోజుకీ మారినది ఏదో చెప్పమని అడుగుతాము. పాటను కూడా మనం అదే అడుగుతున్నాము.

ఘంటసాల గారి విషయం చూడండి. మన గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టినవారు. ఆయన కాలానికి గ్రామఫోన్ రికార్డు ఒక పక్కకు సుమారు మూడు నిమిషాలు. ఇంత చిన్న చోటు! రాత్రంతా సాగే నాటకపు రాగం అందులో పట్టదు. అయినా గుంటూరులో అధ్యాపకులుగా ఉన్న కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పుష్పవిలాపం పద్యాలను ఆయన పాడితే, ఆ రాగాల ముక్కలు ఎంత పొదుపుగా, ఎంత బరువుగా ఉంటాయి! ఒక్కో పద్యం చివర ఒక్కో రకమైన ముగింపు. మూడు నిమిషాల హద్దు ఆయన చేతులు కట్టలేదు. ఇక 1961లో వచ్చిన జగదేకవీరుని కథలో, పెండ్యాల నాగేశ్వరరావు గారి సంగీతంలో 'శివశంకరీ' పాట గురించి నేను మీకు కొత్తగా చెప్పేది లేదు. దర్బారీ కానడ రాగం తెలిసినవాడికి ఆ పాటలో తరువాత ఏ స్వరం వస్తుందో చాలాచోట్ల తెలుసు. తెలిసినా ఆ స్వరం వచ్చినప్పుడు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

మరి ఇప్పుడు రెండోసారి పల్లవి ఎందుకు మారడం లేదు? గాయకులకు చేతకాకనా? కాదు. ఈ తరం గాయకుల్లో విద్య ఉన్నవారు చాలామంది ఉన్నారు, పాటల పోటీల్లో చిన్నపిల్లలు పాడుతుంటే నాకే ఆశ్చర్యం వేస్తుంది. కారణం విద్యలో లేదు, పని జరిగే తీరులో ఉంది. నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ళ కిందట భక్తిగీతాల ఆల్బమ్ ఒకదానికి వయొలిన్ వాయించడానికి నన్ను ఒక స్టూడియోకు పిలిచారు. ఏ స్టూడియో అన్నది ఇక్కడ అనవసరం. హాల్లో నేను ఒక్కడినే ఉన్నాను. చెవులకు హెడ్‌ఫోన్లు, అందులో లయ చూపడానికి టక్కు టక్కు మని క్లిక్, వెనుక కీబోర్డులో ముందే చేసిపెట్టి తిరిగి తిరిగి మోగే లూపు. గాయకుడు అంతకుముందు రోజే వచ్చి పాడి వెళ్ళిపోయాడు, తబలా ఎవరో ఇంకో ఊళ్ళో వాయించి పంపారు. చరణానికి ముందు వచ్చే బిట్ వాయించాను. బాగుందన్నారు. "రెండో చరణంలో భావం వేరు కదా, అక్కడికి కొంచెం మార్చి వాయిస్తాను" అన్నాను. "అవసరం లేదు సార్, ఇదే అక్కడ కూడా పేస్ట్ చేసేస్తాము" అన్నాడు ఆ అబ్బాయి. చాలా మర్యాదగానే అన్నాడు. ఆ తరువాత తెలిసింది, గాయకుడు కూడా పల్లవి ఒక్కసారే పాడాడట. దాన్నే నాలుగుచోట్ల అతికించారు.

నాకు ఆ రోజు చాలా బాధ కలిగింది. డబ్బు ఇచ్చారు, గౌరవంగా పంపారు, నాకు ఏ లోటూ చేయలేదు. కానీ రెండో చరణంలో భక్తుడు ఏడుస్తున్నాడు, నా వయొలిన్ మాత్రం మొదటి చరణంలోని సంతోషాన్నే మళ్ళీ వాయిస్తోంది. అది నా చేత్తో నేను చేసిన తప్పులా అనిపించింది.

మద్రాసులో వెనకటి రోజుల్లో గాయకుడు, వయొలిన్ బృందం, వేణువు, తబలా అందరూ ఒకే హాల్లో ఉండి పాట మొదటి నుంచి చివరి దాకా ఒకే టేకులో తీసేవారు. ఒకరు తప్పు చేస్తే అందరూ మళ్ళీ మొదటి నుంచి రావాలి. అది చాలా కష్టమైన పని, ఖర్చుతో కూడిన పని. ఆ కష్టం మళ్ళీ రావాలని నేను కోరను. అయితే ఆ కష్టంలో ఒక లాభం దాగి ఉండేది. పల్లవి నాలుగుసార్లు రావాలంటే మనిషి నాలుగుసార్లు పాడాలి. నాలుగుసార్లు పాడితే, ఎంత వద్దనుకున్నా, నాలుగూ ఒకేలా రావు. ఆ చిన్న తేడాలో మనిషి ఉన్నాడు.

దీనికి తోడు స్వరాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఆటోట్యూన్ అంటారు. 1997లో ఆండీ హిల్డెబ్రాండ్ అనే ఇంజనీరు తెచ్చాడు. ఆయన అంతకుముందు చమురు కంపెనీల కోసం, భూమి పొరల నుంచి తిరిగివచ్చే తరంగాలను లెక్కగట్టే పని చేసేవాడు. ఆ గణితాన్నే గొంతుకు వాడాడు. స్వరం పక్కకు జరిగితే దగ్గరలోని మెట్టు మీదికి లాగి కూర్చోబెడుతుంది. పాశ్చాత్య పాటకు అది ఎంతవరకు పనికొస్తుందో వాళ్ళు చూసుకుంటారు. మన తోడి రాగంలో గాంధారం, అంటే 'గ' స్వరం, మాటేమిటి? ఆ గాంధారం ఒక మెట్టు మీద నిలబడదు, ఊగుతుంది, ఆ ఊగడమే దాని ప్రాణం. దాన్ని మెట్టు మీద కూర్చోబెడితే స్వరం సరిగ్గా ఉంటుంది, తోడి ఉండదు. హార్మోనియం గురించి 1940లో భయపడినది ఇప్పుడు గొంతుకే జరుగుతోంది. హార్మోనియం పక్కన పాడే మనిషి గొంతు కనీసం స్వేచ్ఛగా ఉండేది.

లెక్కలు చూసినవారు కూడా ఉన్నారు. 2012లో స్పెయిన్ పరిశోధకులు, 1955 నుంచి 2010 దాకా వచ్చిన 4 లక్షల 64 వేలకు పైగా పాశ్చాత్య పాటలను కంప్యూటర్‌తో పరీక్షించి, స్వరాల నడకలో వైవిధ్యం తగ్గిందని, వాద్యధ్వనులు ఒకే పోలికకు వచ్చాయని, మోత పెరిగిందని చెప్పారు. 2015లో లండన్ పరిశోధకులు అమెరికాలో 1960 నుంచి 2010 దాకా ఆదరణ పొందిన సుమారు 17 వేల పాటలను చూసి, అలా అన్నీ ఒక్కటైపోతున్నాయనడానికి ఆధారం లేదన్నారు. 1980లలో డ్రమ్ యంత్రాలు, సింథసైజర్లు వచ్చినప్పుడు వైవిధ్యం పడిపోయిందని, తరువాత కొత్త బాణీలు వచ్చి తేరుకుందని చెప్పారు. నాకు ఈ రెండో మాట ధైర్యం ఇస్తుంది. పడిపోయినది లేవగలదు. కాకపోతే ఇవి వాళ్ళ పాటల లెక్కలు, మన పాటకు ఎవరైనా ఇలా కూర్చుని లెక్క వేస్తే బాగుండును.

ఇక ఫోన్ సంగతి. పాటలు వినే స్పాటిఫై యాప్‌లో ఒక పాటను 30 సెకన్లు వింటేనే విన్నట్టు లెక్క. అంతకుముందే దాటేస్తే లెక్కలోకి రాదు. మరి పాట చేసేవాడు ఏం చేస్తాడు? ఉన్నదంతా ముందే పెడతాడు. అమెరికాలో పెద్ద హిట్ పాటలను చూసిన ఒక పరిశోధకుడు, 1980ల మధ్యలో 20 సెకన్లకు పైగా ఉన్న ప్రారంభ వాద్యం 2015 నాటికి 5 సెకన్లకు వచ్చిందని తేల్చాడు. మన దగ్గర కూడా మీరే చూస్తున్నారు. ఓపెనింగ్ బిట్ తగ్గింది, రెండో చరణం చాలా పాటల్లో కనిపించడమే లేదు, రీల్‌కు పనికివచ్చే ఒక్క లైను హుక్ పేరుతో పదేపదే వస్తోంది. రెండో చరణమే లేనప్పుడు రెండోసారి పల్లవి ఎక్కడి నుంచి ప్రయాణం చేసి వస్తుంది చెప్పండి? పల్లవి ఊరికే తిరిగి రాదు, చరణంలో ఏదో చూసి వస్తుంది. చూసినది ఏమీ లేకపోతే చెప్పే సంగతీ ఉండదు.

ఇంత చెప్పి కొత్త పాటంతా వ్యర్థమని నేను అంటున్నానని అనుకోవద్దు. 2023 మార్చిలో కీరవాణి గారికి, చంద్రబోస్ గారికి 'నాటు నాటు' పాటకు ఆస్కార్ వచ్చింది. ఆ పాట నడక ఏమిటి? ఆరెనిమిది (6/8). మన పల్లెల్లో డప్పు మీద ఎప్పటి నుంచో ఉన్న నడకే. మనకు బాగా తెలిసిన నడక, రక్తంలో ఉన్న నడక. తెలిసిన నడకతోనే ప్రపంచాన్ని లేపి నిలబెట్టారు. కాబట్టి తెలిసిన నడకను వదలమని ఎవరైనా మన పిల్లలకు చెబితే నేను ఒప్పుకోను.

నాకు అసలు దిగులు సినిమా గురించి కంటే మన వీధి గురించి ఎక్కువగా ఉంది. ఇదే బెజవాడలో దసరాకు, వినాయక చవితికి పందిరి పందిరికీ ఆర్కెస్ట్రా ఉండేది. ఇద్దరు గాయకులు, ఒక గాయని, కీబోర్డు, వయొలిన్, తబలా, డోలక్, రిథమ్ ప్యాడ్. నేను వాటిలో చాలా రాత్రులు వాయించాను. రికార్డులో ఉన్న పాటే పాడేవాళ్ళము, కానీ జనం ఊగుతుంటే చరణం తిప్పి పాడేవాళ్ళము, గాయకుడు ఆలాపన అందుకుంటే నేను వెనుక వెళ్ళేవాడిని, వాన పడితే వేగం పెరిగేది. ఇప్పుడు పెళ్ళిలో చూడండి, పందిట్లో చూడండి. గాయకుడు ఉన్నాడు, వెనుక ల్యాప్‌టాప్‌లో ట్రాక్ ఉంది. ట్రాక్ ఆగదు, వినదు. గాయకుడికి ఆ క్షణంలో ఒక మంచి సంగతి తోచినా, పాడేలోపు ట్రాక్ తరువాతి లైనుకు వెళ్ళిపోతుంది. ఎవరైనా "వన్స్ మోర్" అంటే ట్రాక్ మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది, అక్షరం మారకుండా.

ఇక్కడ పెళ్ళిళ్ళు చేసేవారు ఉన్నారు, ఉత్సవ కమిటీల్లో ఉన్నవారు ఉన్నారు. ఒక్క మాట అడుగుతున్నాను. పది పాటలకు ట్రాక్ పెట్టుకోండి, కాదనను. రెండు పాటలకు మాత్రం ఒక తబలా, ఒక వయొలిన్ పెట్టి, ఆ గాయకుడిని అతని ఇష్టానికి వదిలిపెట్టండి. తల్లిదండ్రులు ఇంకొకటి చేయవచ్చు. మీ పిల్లలు పాట పాడినప్పుడు, "అచ్చం సినిమాలో ఉన్నట్టే పాడావు" అని మెచ్చుకుంటాము. నేను కూడా చాలా ఏళ్ళు అలాగే మెచ్చుకున్నాను. ఇప్పుడు "మళ్ళీ పాడు, ఈసారి నీకు తోచినట్టు పాడు" అంటున్నాను. మొదటి వారం పిల్లలు బిక్కమొహం వేశారు. అలవాటు పడటానికి రెండు నెలలు పట్టింది.

ఆదివారం నన్ను ప్రశ్న అడిగిన అమ్మాయి ఇక్కడే ఉంది. రామ్మా, వయొలిన్ అక్కడే ఉంచు, గొంతుతోనే పాడు. శ్రుతి నేను వేస్తాను, క్లిక్ లేదు, ట్రాక్ లేదు. తనకు నచ్చిన ఒక సినిమా పాట పల్లవిని మూడుసార్లు పాడుతుంది. ఎలా పాడబోతోందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.